జనరేటర్ తనంతట తానే మొదలైతే

మన అమ్మానాన్నలకు బదిలీ అయ్యే ఊళ్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల కరెంటు స్తంభమే కనిపించదు. లడఖ్‌నే తీసుకుందాం. శ్రీనగర్ నుంచి లేహ్ వరకు పెద్ద విద్యుత్ లైను వేసి, 2019లో ఆ ప్రాంతాన్ని దేశ గ్రిడ్‌తో కలిపారు. అయినా ఆ లైను అందని మారుమూల చోట్ల సోలార్ ప్యానెళ్లు, ఒక వరుస బ్యాటరీలు, వాటికి తోడుగా ఒక చిన్న జనరేటర్, ఇవే దిక్కు. మబ్బు పట్టినా, ప్యానెళ్ల మీద మంచు పేరుకున్నా బ్యాటరీలు నింపడానికి జనరేటర్ వేయాల్సిందే. దాన్ని ఎవరో ఒకరు లేచి వేయాలా, లేక అదే మొదలయ్యేలా అమర్చుకోవాలా? అదే మొదలవ్వాలని నా అభిప్రాయం. అయితే బదిలీల మీద కుటుంబాలు వచ్చిపోయే ఇంట్లో అందుకు ఒక షరతు ఉండాలి.

ముందు కారణం చెబుతాను. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా ఉంచడమే దానికి పెద్ద చేటు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా, వాడకం లేకుండా ఉన్నప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2కు దిగిందంటే దాదాపు సగం అయిపోయినట్టే. ఇంకా దిగి, రోజుల తరబడి అలాగే ఉంటే లోపలి సీసపు ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత శక్తి రాదు. చలి ప్రాంతంలో ఇంకో ముప్పు ఉంది. నిండు బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో అది నీళ్లలా పలచబడి, మైనస్ 10 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి డబ్బాను పగలగొట్టగలదు. లేహ్‌లో జనవరి రాత్రులు అంతకంటే చల్లగా ఉండటం మామూలే. అలాంటి అర్ధరాత్రి రజాయిలోంచి లేచి మీటరు చూసేదెవరు?

ఆ పని కంట్రోలర్ చేస్తుంది. సెల్ఫ్ స్టార్ట్ ఉన్న జనరేటర్‌కు దాన్ని కలుపుతారు. నీళ్ల మోటారు వేసినప్పుడు వోల్టేజీ కాసేపు పడి మళ్లీ లేస్తుంది కాబట్టి అది తొందరపడదు. కొన్ని నిమిషాలపాటు తక్కువగానే ఉంటే అప్పుడు చోక్ వేసి, సెల్ఫ్ కొడుతుంది. ఇంజను స్టార్ట్ కాకపోతే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. కొన్నిసార్లు చూసి, అప్పటికీ కాకపోతే మానేస్తుంది. ఇంజను వేడెక్కాకే ఛార్జర్‌ను కలుపుతుంది.

"అలా వదిలేస్తే పెట్రోలు ఊరికే తగలబడుతుంది" అని కొందరంటారు. సరిగా అమర్చితే ఖర్చు తగ్గుతుందనే నేనంటాను. ఈ బ్యాటరీలు సుమారు 80 శాతం వరకు చురుగ్గా నిండుతాయి. మిగతా 20 శాతం నింపడానికి గంటలు పడుతుంది. అంతసేపూ జనరేటర్ పేరుకే తిరుగుతుంది. తెల్లవారుజామున మొదలై 80 శాతం దగ్గర ఆగిపోయేలా పెడితే, మిగిలింది ఎండ చూసుకుంటుంది. అప్పుడప్పుడు మాత్రం పూర్తిగా నింపాలి. నిద్రమత్తులో జనరేటర్ వేసిన మనిషి దాన్ని ఆపడం మరిచిపోవచ్చు. కంట్రోలర్ మరిచిపోదు.

అసలు భయం వేరే ఉంది. కంట్రోలర్‌కు వోల్టేజీ తెలుస్తుంది కానీ, జనరేటర్ పక్కన ఎవరున్నారో తెలియదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలిసే అవకాశమే ఉండదు.

మనలాంటి కుటుంబాలకు ఈ ప్రమాదం మరీ దగ్గర. యంత్రాన్ని అమర్చినవాళ్లు సామాను కట్టుకుని వెళ్లిపోతారు. కొత్తవాళ్లు దిగుతారు. మూలన చప్పుడు లేకుండా పడి ఉన్న జనరేటర్‌ను చూసి పాడైందనుకుంటారు. మంచులో తడవకుండా వరండాలోకి జరుపుతారు. దాని మీద ఖాళీ ట్రంకు పెట్టెలు పేరుస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి అది మొదలైతే? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అందుకే నా షరతు: ఆఫీసులో ఛార్జి అప్పగించినట్టే ఇంట్లో జనరేటర్‌ను కూడా కాగితం మీద అప్పగించాలి. ఎంత వోల్టేజీకి మొదలవుతుంది, ఎప్పుడు ఆగుతుంది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఆటో స్విచ్ ఎక్కడుంది, ఇవన్నీ అందులో ఉండాలి. "ఇది దానంతటదే మొదలవుతుంది" అని హిందీలోనూ, స్థానిక భాషలోనూ రాసిన బోర్డు యంత్రం మీదే ఉండాలి. యంత్రం ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు లేకుండా ఉండాలి. పడకగదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. మరమ్మతు చేసేవారు ముందు ఆటో స్విచ్ ఆపి, జనరేటర్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీ వైరు తీసేయాలి.

ఇవన్నీ పెద్దల పనులని మనం ఊరుకోనక్కర్లేదు. కొత్త క్వార్టర్‌లో దిగిన రోజే, సామాను విప్పకముందే, "ఇక్కడ జనరేటర్ దానంతటదే మొదలవుతుందా?" అని అడగడం మన పని. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ కాగితాన్ని తలుపు వెనక అతికించడం కూడా మన పనే. మన తర్వాత ఆ ఇంట్లోకి వచ్చేది మనలాంటి పిల్లలే కదా!