ఆ రెండు కాళ్లు

1912 ఏప్రిల్ నెల. అట్లాంటిక్ మహాసముద్రంలో న్యూయార్కు వైపు సాగుతున్న కార్పేథియా అనే ఓడలో ఒక డాక్టరు ఇరవై ఒక్క ఏళ్ల యువకుని కాళ్లు పరీక్షించాడు. గడ్డకట్టించే నీటిలో గంటల తరబడి నానడంవల్ల అవి స్పర్శ కోల్పోయి ఉన్నాయి. రెండింటినీ తీసివేయడమే మంచిదని డాక్టరు సలహా ఇచ్చాడు. యువకుడు అందుకు ఒప్పుకోలేదు. ఆ కాళ్లతో అతనికి పని ఉంది. అతడు టెన్నిస్ ఆటగాడు.

అతని పేరు రిచర్డ్ నోరిస్ విలియమ్స్. అమెరికన్ దంపతులకు 1891లో స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరంలో జన్మించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకోవాలన్న ఆశతో, తండ్రి చార్లెస్‌తో కలిసి ఫ్రాన్సులోని షేర్‌బూర్ రేవులో టైటానిక్ ఓడ ఎక్కాడు.

ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ఆ మహానౌక మంచుకొండను ఢీకొన్నది. ఓడలో ఒక గది తలుపు బిగుసుకుపోయి లోపల ఒకరు చిక్కుకోగా విలియమ్స్ భుజంతో ఆ తలుపు బద్దలు కొట్టాడనీ, కంపెనీ ఆస్తిని పాడుచేసినందుకు ఓడ ఉద్యోగి ఒకడు అతణ్ణి మందలించాడనీ చెబుతారు. మరికొంతసేపటికి ఆ ఆస్తి యావత్తూ సముద్రగర్భంలో కలిసిపోయింది. తండ్రీకొడుకులు నీటిలో పడ్డారు. కూలిన పొగగొట్టం కింద తండ్రి కొడుకు కళ్లముందే నలిగి మరణించాడు. విలియమ్స్ ఈదుకుంటూ సగం మునిగిన ఒక పడవను చేరాడు. తోటివారు ఒక్కొక్కరే చలికి నేలకొరుగుతుండగా, మోకాటిలోతు నీటిలో నిలబడి రాత్రంతా గడిపాడు.

కార్పేథియా మీద అతడు చేసిన పని చాలా చిన్నది. రెండు గంటలకొకసారి లేచి, నొప్పిని ఓర్చుకుంటూ ఓడ మీద నడిచాడు. పగలూ రాత్రీ అలాగే నడిచాడు. న్యూయార్కు చేరేసరికి కాళ్లలో మళ్లీ జీవం కనిపించింది.

కొద్ది నెలలు గడిచేసరికి, ఆ సంవత్సరమే, మేరీ బ్రౌన్‌తో జతకట్టి అమెరికా జాతీయ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ గెలుచుకున్నాడు. బంతి నేలను తాకి పైకి లేస్తుండగానే కొట్టడం అతని పద్ధతి. గురి కుదిరిన రోజున అతనికి ఎదురు లేదు; కుదరని రోజున సామాన్యుని చేతిలోనూ ఓడేవాడు. అయినా జాగ్రత్తగా ఆడటం అతనికి రుచించలేదు.

1914 జాతీయ పోటీల క్వార్టర్ ఫైనల్లో అతని ప్రత్యర్థి కార్ల్ బేర్. ఆయన కూడా టైటానిక్ నుంచి బయటపడినవాడే. విలియమ్స్ ఆ ఆట గెలిచి, న్యూపోర్టులో జరిగిన ఫైనల్లో ప్రఖ్యాత ఆటగాడు మారిస్ మెక్‌లాగ్లిన్‌ను వరుస సెట్లలో ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 1916లో బిల్ జాన్‌స్టన్‌పై ఐదు సెట్లు పోరాడి ఆ బిరుదును మళ్లీ సాధించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా ఫ్రాన్సు వెళ్లి, ఆ ప్రభుత్వ పతకాలు అందుకున్నాడు. 1920లో చార్లెస్ గార్లండ్‌తో వింబుల్డన్ డబుల్స్ గెలిచాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో అతని చీలమండ బెణికింది. పోటీ విరమిస్తానన్నాడు. అతని జోడీ హేజల్ వైట్‌మన్ అంగీకరించలేదు. నెట్ దగ్గర నిలబడితే చాలు, మిగిలిన కోర్టు తాను చూసుకుంటానన్నది. ఇద్దరూ స్వర్ణపతకం గెలిచారు. ఆ ఒలింపిక్స్ తరువాత టెన్నిస్ పతకాల పోటీగా తిరిగి వచ్చింది 1988లోనే.

1957లో విలియమ్స్ పేరు టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. టైటానిక్ గురించి బహిరంగంగా మాట్లాడటానికి అతడు ఎన్నడూ ఇష్టపడలేదు. 1968లో, 77వ ఏట కన్నుమూశాడు.

డాక్టరు తన విద్య చెప్పిన మాటే చెప్పాడు. ఆ సలహాను కాదన్న ప్రతివారికీ కాళ్లు దక్కుతాయన్న భరోసా లేదు. ఆ పడవలోనే అంతే ధైర్యంగా నిలిచి, తెల్లవారేదాకా బతకనివారూ ఉన్నారు. ఒడ్డు చేరడంలో విలియమ్స్‌కు అదృష్టం తోడైంది. చేరిన తరువాత అతని చేతిలో మిగిలినది రెండు గంటలకొకసారి లేచి నాలుగడుగులు వేయడం. ఆ పనిని అతడు ఒక్కసారి కూడా వాయిదా వేయలేదు.