ప్రయోగం వాళ్లది, పొలం మనది. మరి పూచీ ఎవరిది?

ఖాజాగూడ గుట్టలెక్కి చూస్తే రాయదుర్గం, గచ్చిబౌలి అద్దాల మేడలు ఎదురుగానే కనబడతాయి. ఒకప్పుడు ఇవన్నీ చెరువులూ, రాళ్లగుట్టలూ, మెట్ట చేలూ ఉన్న పల్లెలే. ఇవాళ రాయదుర్గంలో 2022 జూన్‌లో తెరిచిన టీ-హబ్ కొత్త భవనం ఉంది, 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. కొత్త కంపెనీలు, కొత్త యంత్రాలు అక్కడ పురుడు పోసుకుంటున్నాయి. బాగానే ఉంది. అయితే ఆ యంత్రం పనిచేస్తుందో లేదో పరీక్షించేది ఎక్కడ? మేడల మీద కాదు. వికారాబాద్ ఆకాశంలో, ఖమ్మం మిరప చేలల్లో. అందుకే రైతుకూలీల ఈ శీర్షికలో ఖాజాగూడ ముచ్చట ఎత్తాల్సి వచ్చింది.

ఇలాంటి పరీక్షకు పాలకులు ‘శాండ్‌బాక్స్’ అని ముద్దుపేరు పెట్టారు. పిల్లలు ఆడుకునే ఇసుక పెట్టె అని అర్థం. కొత్త సాంకేతికానికి ఉన్న చట్టం అడ్డొస్తే, కొద్ది ప్రాంతంలో, కొంతకాలం పాటు, ఆ చట్టాన్ని సడలించి అధికారుల కనుసన్నల్లో పరీక్ష చేసుకోనిస్తారు. 2016లో బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఈ పద్ధతి మొదలెట్టింది. మన రిజర్వు బ్యాంకు 2019లో దాన్ని తెచ్చింది.

బ్యాంకుల నుంచి అది పల్లెకు రావడానికి ఎంతోకాలం పట్టలేదు. నడిపేవాడి కంటిచూపు దాటి డ్రోను ఎగరకూడదనే నిబంధన నుంచి 2021లో తెలంగాణ ప్రభుత్వానికి షరతులతో మినహాయింపు దొరికింది. ఆ ఏడాది సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్ అందులో భాగస్వాములు. ఆసుపత్రి లేని తండాకు వేళకు మందు అందితే సంతోషించేవాళ్లలో మేమూ ఉన్నాం.

మందులు మోసిన డ్రోను తర్వాత పురుగుమందూ మోసింది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం 477 పురుగుమందులను డ్రోనుతో చల్లడానికి రెండేళ్ల తాత్కాలిక అనుమతి ఇచ్చింది. 2023 నవంబరులో 1,261 కోట్ల రూపాయలతో 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకం ఆమోదించింది. అంటే పరీక్షించే కాలంలోనే దేశమంతా చల్లకానికి దారి తెరిచారన్నమాట.

మేము యంత్రాలకు వ్యతిరేకులం కాము. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ ఆ విషం సోకి ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. కూలోడి వీపు మీద నుంచి ఆ విషపు డబ్బాను దించే యంత్రం వస్తే ఎందుకు వద్దంటాం? కానీ అడగాల్సినవి అడగాలి. చేతి పంపుతో అయితే ఎకరానికి వందా, రెండొందల లీటర్ల నీళ్లలో కలిపే మందును డ్రోను పది లీటర్ల చిక్కటి ద్రావణంగా పైనుంచి చల్లుతుంది. గాలి తిరిగితే పక్క మడిలో కలుపు తీసే ఆడకూలీల మీద పడదా? డ్రోను కూలి నష్టం జరిగితే పరిహారానికి బీమా ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. మరి డ్రోను కూలకుండానే మందు తుంపర మనిషి ఊపిరిలోకి పోతే బాధ్యులెవరు? మందు కొట్టి నాలుగు రూకలు సంపాదించుకునే కూలీకి ఆ పని పోతే బదులు పని ఎవరు చూపాలి?

ఖమ్మం సంగతికి వద్దాం. 2022లో అక్కడ ‘సాగు బాగు’ పేరుతో 7 వేల మంది మిరప రైతుల దగ్గర కృత్రిమ మేధ ప్రయోగం మొదలెట్టారు. ఫోనులో సలహాలు, భూసార పరీక్ష, కాయ నాణ్యతను యంత్రంతో చూడడం, ఆన్‌లైన్ అమ్మకం. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గిందనీ, ధర 8 శాతం ఎక్కువ వచ్చిందనీ నిర్వాహకులే ప్రకటించారు. నిజమైతే మంచిదే. అయితే కాయ పెరిగితే ఏరేవాళ్ల కూలి ఎంత పెరిగింది? కౌలుదారు కౌలు పెరిగిందా, తగ్గిందా? ఆ అంకెలు ఈ లెక్కలో లేవు.

ధర సంగతీ అంతే. 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర పడిపోయి రైతులు తిరగబడింది ఆ ఖమ్మం యార్డులోనే. అరెస్టయిన రైతులను బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. 2025లో మళ్లీ ధర దిగజారితే, ఆంధ్ర రైతుకు కేంద్రం ప్రకటించిన జోక్యపు ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. తెగులు ఎప్పుడొస్తుందో ఫోను చెప్పగలదు. కానీ ధర కూలినప్పుడు సరుకు కొనాల్సింది సర్కారు. ఆ పని ఏ యంత్రమూ చేయదు.

మన గడ్డ మీద ప్రయోగాలు కొత్త కాదు. 1998లో మహికో-మోన్‌శాంటో బీటీ పత్తిని ప్రయోగాత్మకంగా వేసింది. తన చేలో వేసిందేమిటో తనకు చెప్పనే లేదని రాయచూరు జిల్లాలో రైతే అన్నాడు. ఆ పంటను పీకి తగలబెట్టారు. 2002లో ఆ పత్తికి అనుమతి వచ్చింది. మూడేళ్లకే, 2005లో, మొదటి మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఈలోగా అప్పులపాలైంది వరంగల్ రైతు.

ఇంకొకటి మరవరానిది. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం తదితర మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమమది. పిల్లల్లో చాలామంది హాస్టళ్లలోని గిరిజన బాలికలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు పెట్టారు. ఆందోళన రేగాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. అప్పటి మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా చెడ్డదనీ మేము అనడం లేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. పేదవాడి పిల్లను అడగాల్సిన పనిలేదనుకోవడమే అసలు నేరం.

చట్టం రాసేవాళ్లకు ఇది తెలియదా అంటే, తెలుసు. రిజర్వు బ్యాంకు ప్రయోగ నిబంధనలు చూడండి. ఖాతాదారుల రక్షణకు కంపెనీ తగినంత బీమా చేయించాలని అందులో రాసి ఉంది. ఖాతాదారుకు అక్కరకొచ్చిన న్యాయం చేలో నిలబడ్డ కూలీకి ఎందుకు రాకూడదు? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కాబట్టి మన సంఘాలు పట్టుబట్టాల్సినవి ఇవి. ఏ ప్రయోగమైనా తెలుగులో వివరించి గ్రామసభ అనుమతి తీసుకోవాలి. ఆ సభలో కౌలుదారులు, కూలీలు, ఆడవాళ్లు ఉండి తీరాలి. కాదనే హక్కు, మధ్యలో తప్పుకునే హక్కు ఉండాలి. నష్టం జరిగితే కంపెనీ ముందే కట్టిన బీమా నుంచి పరిహారం ఇవ్వాలి. 2023 ఆగస్టులో హైదరాబాద్‌లో వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక తెరిచారు. రైతు సమాచారం రైతు ఒప్పుకోకుండా ఏ కంపెనీకీ చేరకూడదు. ఫలితాల నివేదికలో దిగుబడి పక్కనే పోయిన పనిదినాలు, మారిన కూలి రేట్లు కూడా రాయాలి. డ్రోను వస్తే అది వడ్డీ వ్యాపారి చేతికి కాక కూలీల సహకార సంఘం చేతికి రావాలి.

రేపు మీ ఊరి మీద డ్రోను గుయ్యిమంటే ఊరికే తలెత్తి చూసి ఊరుకోకండి. ఎవరిది, ఎవరి అనుమతితో, నష్టమొస్తే ఎవరు కడతారు అని పంచాయతీ గుమ్మం ముందు నిలబడి అడగండి. జవాబు కాగితం మీద రాసిమ్మనండి.