నలుసంత సెన్సర్లు: దేన్ని కొలవాలి, ఎవరిని కొలవకూడదు

కంప్యూటర్ అనగానే మనకు తెర, కీబోర్డు గుర్తుకొస్తాయి. ఆ రెండూ లేని కంప్యూటర్లే ఇప్పుడు లోకంలో ఎక్కువ. వాటిలో ఒక చిన్న జాతి గురించి ఈసారి చెప్పుకుందాం. అగ్గిపెట్టెంత డబ్బా, అందులో ఒక బుల్లి ప్రాసెసర్, ఒక రేడియో, ఒకటో రెండో సెన్సర్లు, బ్యాటరీలు. అంతే. ఇలాంటివి పదులు, వందలు తీగల్లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటే దాన్ని వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ అంటారు. ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, గిడ్డంగులు, మనం రోజూ కూర్చునే ఆఫీసులు, అన్నిచోట్లా ఇవి వచ్చి చేరాయి. వీటితో చాలా మేలుంది. అయితే యంత్రం మీద పెట్టే సెన్సర్ వేరు, మనిషి మీద పెట్టే సెన్సర్ వేరు. ఆ తేడా చూసి చెప్పాల్సిన బాధ్యత వీటిని అమర్చే మనలాంటి వాళ్ళదేనని నా అభిప్రాయం. ఎందుకో చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్దాం.

ధూళితో మొదలు

1990ల చివర్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ క్రిస్ పిస్టర్ ‘స్మార్ట్ డస్ట్’ అనే ప్రాజెక్టు చేపట్టారు. అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా అందుకు డబ్బిచ్చింది. సెన్సరూ, కంప్యూటరూ, కబురు పంపే సాధనమూ కలిపి ఒక ఘన మిల్లీమీటరులో ఇమడ్చాలని ఆశయం. అందుకే ఈ నోడ్‌లకు ‘మోట్’ అని పేరొచ్చింది. మన మాటల్లో నలుసు. చేతికొచ్చిన మోట్‌లు మాత్రం నలుసంత కాలేదు, వాటిని నడిపే రెండు ఏఏ బ్యాటరీలంత అయ్యాయి. అక్కడే డేవిడ్ కల్లర్ బృందం వీటికోసం టైనీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసింది.

నేను ఎమ్మెస్ చదివేటప్పుడు ల్యాబ్‌లో టెలోస్‌బి అనే మోట్‌తో పనిచేశాను. ర్యామ్ 10 కిలోబైట్లు, ప్రోగ్రాముకు 48 కిలోబైట్లు. మన ఫోనులో ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంతకంటే పెద్ద చిక్కు బ్యాటరీ. దాని రేడియో వింటున్నప్పుడు దాదాపు 20 మిల్లీయాంపులు లాగుతుంది. మంచి ఏఏ బ్యాటరీల సామర్థ్యం 2500 మిల్లీయాంప్-అవర్ అనుకుంటే, రేడియో ఆపకుండా ఉంచితే 125 గంటలు, అంటే ఐదు రోజులు. అదే రేడియోని నూటికి ఒక వంతు సమయం మాత్రమే తెరిచి మిగతా సమయమంతా నిద్రపుచ్చితే ఏడాది పైనే వస్తాయి. అందుకని ప్రతి ప్రోగ్రాముకీ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే ఉండేది: ‘ఈ కొలత నిజంగా అవసరమా? ఎన్ని నిమిషాలకొకసారి చాలు?’ ఈ ప్రశ్నని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రేడియో బలం తక్కువ కాబట్టి ప్రతి నోడ్ పక్కనున్న నోడ్‌కి కబురు అందిస్తే, అది ఆ పక్కదానికి అందిస్తుంది. ఊళ్ళో నిప్పంటుకుంటే బావి నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు. చివర గేట్‌వే అనే పెద్ద నోడ్ అన్నిటినీ పోగుచేసి మన సర్వరుకి చేరుస్తుంది.

మేలు చేసిన చోట్లు

2002లో మెయిన్ రాష్ట్రంలోని గ్రేట్ డక్ ఐలండ్ మీద బర్క్‌లీ, ఇంటెల్ పరిశోధకులు 32 మోట్‌లు పెట్టారు. అక్కడ బొరియల్లో గుడ్లు పెట్టే స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులున్నాయి. మనుషులు మాటిమాటికీ వెళ్ళి చూస్తే వాటికి ఇబ్బంది. మోట్ అయితే బొరియలో చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉష్ణోగ్రత, తేమ చెబుతుంది.

2006లో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 64 నోడ్‌లు పెట్టి దాని ప్రకంపనలు కొలిచారు. ఒక చివరి కబురు 46 చేతులు మారి గట్టుకు చేరేది. అంత పొడవునా తీగలు లాగాలంటే ఎంత ఖర్చో, ఎంత శ్రమో ఊహించుకోవచ్చు.

సంస్థలకు అసలు లాభం కనిపించింది యంత్రాల దగ్గర. మోటారు బేరింగు పాడయ్యేముందు దాని కంపనం మారుతుంది. అంతకుముందు టెక్నీషియన్ చేతిలో పరికరం పట్టుకుని ఒక్కో మోటారు దగ్గరికీ వెళ్ళి కొలుచుకొచ్చేవాడు. ఇంటెల్ చిప్పుల ఫ్యాక్టరీలోనూ, ఉత్తర సముద్రంలో తిరిగే లాక్ రానక్ అనే చమురు నౌకలోనూ ఈ పనికి మోట్‌లు పెట్టి చూసిన అనుభవాలను 2005లో ప్రచురించారు. 2007లో ఫ్యాక్టరీల కోసం వైర్‌లెస్‌హార్ట్ ప్రమాణం వచ్చాక ఇది ప్రయోగం దశ దాటింది. ఈరోజు టీకాలు దాచే ఫ్రిజ్‌లో వేడి పెరిగినా, సర్వర్ గదిలో నీరు కారినా, మీటింగ్ గదిలో గాలి చెడినా చెప్పేది ఈ జాతి సెన్సర్లే. వీటిలో దేనికీ ఎవరికీ అభ్యంతరం ఉండదు. మోటారుకి పరువు లేదు, ఫ్రిజ్‌కి బాసు లేడు.

కుర్చీ దగ్గరికొచ్చేసరికి

మనుషుల జాడ తీసే ఆలోచన కూడా పాతదే. 1990 ప్రాంతంలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాల ‘యాక్టివ్ బ్యాడ్జ్’ తయారుచేసింది. అది 15 సెకన్లకొకసారి కంటికి కనిపించని పరారుణ కాంతిలో తన నంబరు చెప్పేది. ఫోన్ వస్తే మనిషి ఉన్న గదికే కలపడం దాని ఉద్దేశం. తగిలించుకున్నవాళ్ళకు అది కనిపిస్తూనే ఉండేది, వద్దనుకుంటే తీసి పక్కన పెట్టొచ్చు.

2016 జనవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ విలేఖరులు ఆఫీసుకొచ్చేసరికి డెస్కుల కింద చిన్న డబ్బాలు ఉన్నాయి. వేడినీ కదలికనీ పట్టి, డెస్కు దగ్గర మనిషి ఉన్నాడో లేడో చెప్పేవి. విద్యుత్తు ఆదా కోసమని యాజమాన్యం చెప్పింది. గొడవ అయ్యేసరికి ఆ రోజే తీసేశారు. 2022 అక్టోబరులో బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల డెస్కుల కింద ఇలాంటివే పెట్టారు. వాళ్ళలో కంప్యూటర్ భద్రత చదివేవాళ్ళున్నారు. స్క్రూలు విప్పి సెన్సర్లన్నీ పోగేసి నిరసన తెలిపారు. చివరికి విశ్వవిద్యాలయం వాటిని తొలగించింది.

‘అందులో కెమెరా లేదు, పేరు లేదు, ఉత్త వేడి కొలుస్తుంది’ అని అమ్మేవాళ్ళు చెబుతారు. నిజమే. కానీ ఫలానా డెస్కు ఎవరిదో చెప్పే టేబుల్ ఇంకో డేటాబేసులో ఉంటుంది కదా! రెండు టేబుళ్ళని కలపడం మనకు ఒక్క జాయిన్ పని. ఉదయం ఎన్నింటికొచ్చారు, భోజనానికి ఎంతసేపు పోయారు, మధ్యాహ్నం ఎన్నిసార్లు లేచారు, అన్నీ వచ్చేస్తాయి.

ఇలాంటి పని ఒకటి నా చేతిలోకే వచ్చింది. ఒక క్లయింటుకి మూడంతస్తుల ఆఫీసుంది. ఇంటినుంచి పనిచెయ్యడం అలవాటయ్యాక సగం ఖాళీ. ఒక అంతస్తు అద్దె మానుకోవచ్చా అన్నది ప్రశ్న. దానికి అంతస్తుకి గంటకొకసారి ఎంతమంది ఉన్నారో తెలిస్తే చాలు. కానీ కొన్న సిస్టమ్ డిఫాల్టుగా ప్రతి డెస్కునీ నిమిషానికొకసారి చదివి, ఆ చరిత్రంతా ఎప్పటికీ దాస్తుంది. మేము లెక్కని గేట్‌వేలోనే కూడి, గంటకొక సంఖ్య మాత్రమే బయటికి వచ్చేలా చేశాం. మూడు నెలలు దాటినవి చెరిగిపోయేలా పెట్టాం. కొన్నాళ్ళకి ఒక విభాగాధిపతి డెస్కువారీగా, ఉదయం మొదటి కదలిక సమయంతో రిపోర్టు కావాలన్నాడు. ‘అది వేరే ప్రాజెక్టు. హెచ్‌ఆర్, న్యాయ విభాగం ఒప్పుకుని ఉద్యోగులకు ముందుగా చెప్పాలి. అభ్యర్థన రాతపూర్వకంగా పంపండి’ అన్నాను. ఆ రాత ఇంతవరకూ రాలేదు. అద్దె ప్రశ్నకి జవాబు మాత్రం ఆ గంట లెక్కలతోనే దొరికింది.

మన మాట ఎక్కడ చెల్లుతుంది

మనుషుల జాడ తీయడమే తప్పని నేననను. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ప్రమాదంలో మీట నొక్కితే ఆమె ఏ గదిలో ఉందో తెలియాలి. గనిలో దిగినవాడు ఎక్కడున్నాడో పైవాళ్ళకు తెలియాలి. అక్కడ కొలతవల్ల మేలు జరిగేది కొలతకు గురైన మనిషికే. డెస్కు కింది డబ్బా విషయంలో ఆ మేలు ఎవరిదో అడగాలి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు. కాలిఫోర్నియాలో 2023 నుంచి, ఆ చట్టం కిందికొచ్చే సంస్థలు తమ గురించి ఏం పోగుచేస్తున్నాయో తెలుసుకునే హక్కు ఉద్యోగులకూ వచ్చింది. చాలా రాష్ట్రాల్లో అలాంటిది లేదు. భారతదేశం 2023లో చేసిన డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ సంబంధమైన అవసరాలకు సమ్మతి అడగక్కర్లేని వెసులుబాటు ఉంది. ఇక్కడ మనం వదిలేసిన డిఫాల్టు సెట్టింగే రేపు అదే కంపెనీ హైదరాబాదు ఆఫీసుకీ వెళ్తుంది. అక్కడ కూర్చునేది మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళే.

ఇంకో మాట. బోస్టన్ విద్యార్థులు స్క్రూలు విప్పారు. హెచ్‌1బీ మీద ఉన్నవాడు విప్పగలడా? ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజుల గడువు. పిల్లల బడి, ఇంటి అప్పు, గ్రీన్‌కార్డు వరుస, అన్నీ ఆ ఉద్యోగానికే వేలాడుతుంటాయి. డబ్బా బిగించాక నోరెత్తడం మనలో చాలామందికి కుదరదు. కానీ ఆ డబ్బా ఎన్ని నిమిషాలకొకసారి చదవాలి, ఎక్కడ కూడాలి, ఎన్నాళ్ళు దాచాలి అని తేల్చే మీటింగులో మనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. మాట చెల్లేది అక్కడే.

అక్కడ మూడు ప్రశ్నలు అడగమని నా మనవి. ఈ కొలతతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారు? ఆ నిర్ణయానికి ఎంత తక్కువ సమాచారం సరిపోతుంది? కొలతకు గురయ్యేవాళ్ళకి ఆ సంగతి తెలుసా, అదే డాష్‌బోర్డు వాళ్ళకూ చూపిస్తారా? ఇవి సాంకేతిక ప్రశ్నల్లాగే వినిపిస్తాయి కాబట్టి అడిగినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు.

వెనకటి మోట్‌లకి రెండో ప్రశ్న బ్యాటరీయే వేసేది. అనవసరంగా కొలిస్తే ఐదు రోజుల్లో చచ్చిపోయేది కనుక పొదుపు తప్పేది కాదు. ఇప్పుడు చిప్పులు తక్కువ కరెంటుతో నడుస్తున్నాయి, డేటా దాచడం చవకైంది. ఆపేది ఏదీ లేదు. ఆ ప్రశ్న ఇక మనమే వెయ్యాలి.