ఆపివేత పేరిట అర్ధనిద్ర

విండోసు, లినక్సు రెంటినీ ఒకే కంప్యూటరులో నిలుపుకున్నవారు, మా మడికొండలోనైనా మరెక్కడైనా, తరచుగా అనే మాట ఇది: "లినక్సులో డి డ్రైవు తెరుచుకుంటుంది గాని ఏమీ రాయనివ్వదు." ఆ వెంటనే తీర్పు, లినక్సు పనికిరాదని! ఈ అపనిందను నేను అంగీకరించను.

2012లో వచ్చిన విండోస్ 8 నుండి "షట్ డౌన్" అన్న మాటకు అర్థమే మారింది. ఫాస్ట్ స్టార్టప్ అమలులో ఉంటే మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి. కెర్నెల్, డ్రైవర్ల స్థితి మాత్రం డిస్కులో ఒక ఫైలుగా నిక్షిప్తమవుతుంది. అది ఆపివేత కాదు, నిద్రాణస్థితి. డిస్కును గురించిన పాత జ్ఞాపకమూ అందులోనే ఉంటుంది. ఈలోగా లినక్సు ఏదైనా రాస్తే, మేల్కొన్న విండోసు తన పాత జ్ఞాపకాన్నే నమ్ముతుంది, ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్సులోని ఎన్‌టీఎఫ్ఎస్-3జీ రాయడానికి నిరాకరిస్తుంది. కాపలావాడినే దొంగ అంటున్నాం!

కొన్ని క్షణాలు ముందుగా తెరుచుకోవడం కోసం యజమానికి అబద్ధం చెప్పాలా? "రీస్టార్ట్" నొక్కితేనే విండోసు పూర్తిగా ఆగడం మరీ విడ్డూరం. ఉబుంటు వారూ తక్కువ తినలేదు: అన్ని యంత్రాల్లో సరిగా పనిచేయడం లేదని 2012లోనే, 12.04 కూర్పులో, హైబర్నేషన్‌ను మెనూ నుండి తీసివేశారు. లోపమే, కాని దాచని లోపం.

కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసివేయండి. అంతవరకు షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్ డౌన్ చేయండి. నిద్రాణ ఫైలును లినక్సు నుండి బలవంతంగా తొలగించమనే సలహాను మాత్రం వినకండి. విండోసును నిజంగానే హైబర్నేట్ చేసి ఉంటే, భద్రపరచని మీ రాతంతా దానితోనే పోతుంది.