గోపీచంద్‌ను మాట మార్చినవాడిగా చూడొద్దు

1939లో ‘రైతుబిడ్డ’ చిత్రానికి రచన చేసిన త్రిపురనేని గోపీచంద్ జమీందారీ దాష్టీకాన్ని తెర మీద నిలదీశారు. జమీందార్లు ఆ సినిమాను అడ్డుకున్నారు. జమీందారీ కింద బతికిన ఊళ్లకు అది తమ కథే. విచిత్రమేమంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నదీ ఓ జమీందారే, చల్లపల్లి రాజా! అంటే డబ్బు పెట్టినవాణ్ణి చూసి రచనను తూచలేం; మారిన బాటలు చూసి రచయితనూ తూచలేం. హేతువాదంతో మొదలై, ఎం.ఎన్. రాయ్ బాట పట్టి, స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వోద్యోగం చేసి, చివరికి అరవిందుల వైపు మళ్లిన మనిషికి నిలకడ లేదని కొందరంటారు. ఆ అభియోగాన్ని నేను ఒప్పుకోను. పాలకులు మారినా మనిషి మనసుకూ సమాజానికీ మధ్య ఘర్షణను ఆయన విడవలేదు. ఆయన నవల ‘పండిత పరమేశ్వర శాస్త్రి వీలునామా’కు మరణానంతరం, 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తీర్పు చెప్పేముందు ఆ నవలా, ‘రైతుబిడ్డ’ కథా పక్కపక్కన పెట్టి చూడండి.