పంటు కోసం ఇంతెజార్

నర్సాపురం రేవులో నిలబడితే అవతలి ఒడ్డు బాగా దగ్గరగా కనిపిస్తుంది. సఖినేటిపల్లి వైపు కొబ్బరి చెట్లు, ఒడ్డున ఆగిన మోటారు సైకిళ్లు, గొడుగు వేసుకున్న మనుషులు. మధ్యలో వశిష్ఠ గోదావరి. మా ఖాలా ఇల్లు ఆ ఒడ్డునే. చిన్నప్పుడు సెలవులొస్తే రాజమండ్రి నుంచి బస్సులో నర్సాపురం, అక్కడి నుంచి పంటు మీద అవతలికి. పంటు కదలగానే అమ్మీ మెల్లగా బిస్మిల్లా అనేది. పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డాయన దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుని గోదారమ్మకు దణ్ణం పెట్టుకునేవాడు. ఇద్దరూ అడిగేది ఒకటే. క్షేమంగా దాటించమని.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. క్లాసులో అన్యదేశ్యాల పాఠం వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ రేవే. లాంచీ నడిపేవాణ్ని మనం సరంగు అంటాం. అది ఫార్సీ సర్‌హంగ్. లంగరు ఫార్సీ మాటే. కాలవల మీద లాకుల దగ్గర పనిచేసే లస్కరు ఒకప్పటి లష్కర్. మచిలీపట్నాన్ని పిలుచుకునే బందరు అంటే ఫార్సీలో రేవు అనే అర్థం. ఆ మాటలు ఎక్కడివని ఈ నీళ్ల మీద బతికేవాళ్లెవరూ అడగలేదు. పని జరగడానికి పనికొచ్చాయి, ఉండిపోయాయి.

నర్సాపురం మామూలు ఊరు కాదు. 17వ శతాబ్దంలో, గోల్కొండ సల్తనత్ రోజుల్లో, ఇక్కడ పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు. గోల్కొండ సుల్తానుల ఓడలు మచిలీపట్నం నుంచి ఎర్రసముద్రపు రేవుల దాకా వెళ్లేవి. సరుకుతో పాటు హజ్‌కు పోయే ముసాఫిర్లూ వాటిలో ఉండేవారు. డచ్చివాళ్లు పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్లు నర్సాపురం పక్కనే మాధవాయిపాలెంలో కొఠీలు పెట్టుకున్నారు. ఆ ఊరి పేరే మదపోలం అయి, ఒక రకం నూలుబట్టకు యూరప్‌లో పేరుగా నిలిచిపోయింది. సముద్రాలు దాటే ఓడలు కట్టిన ఊరికి, ఎదురుగా కనిపిస్తున్న ఒడ్డుకు మనుషుల్ని భరోసాగా చేర్చడం ఇప్పటికీ ఒక మసలాగానే ఉంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

కొన్నేళ్ల కిందట జులైలో మా ఖాలూ పోయారు. కబురు తెల్లవారుజామున వచ్చింది. మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచరు, జొహర్ నమాజ్ తర్వాత జనాజా అన్నారు. అమ్మీని తీసుకుని నర్సాపురం రేవుకు చేరేసరికి నది ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉంది. పైన వరద. పంటు ఆపేశారు. అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంది. ఇక పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, శివకోడు, మలికిపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. బండి దొరకడానికి కొంతసేపు, దారిలో ఇంకొంతసేపు. మేం చేరేసరికి ఖబర్ మీద మట్టి సర్దుతున్నారు. అమ్మీ తన బెహనోయీ ముఖం ఆఖరిసారి చూడలేకపోయింది.

ఇందులో సరంగు తప్పు లేదు. ఆ నీళ్లలో నడపకపోవడమే ఇన్సాఫ్. నా షికాయత్ వేరు. పంటు ఆగితే ఏం చేయాలో ముందుగా ఆలోచించి పెట్టే బాధ్యత ఎవరిది? వరద గోదావరికి కొత్త కాదు, ఏటా వచ్చేదే. ఏటా పంటు ఆగుతుంది. ఏటా జనం రేవులో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

దీనికి జవాబుగా ఎప్పుడూ వినిపించే మాట ఒకటుంది, ‘వంతెన వస్తుంది’ అని. ఈ రేవులో వంతెనకు శంకుస్థాపనలు జరిగాయి, వాదాలు, వాదాలు, వాదాలు నడిచాయి. ఇది రాస్తున్న నాటికి వంతెన లేదు. వంతెన కావాలి, అందులో నాకు షక్ లేదు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది. దానికి పెట్టిన పేరు లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగిది. ఆయన ఎదుర్లంక మనిషి. వంతెన ఊళ్ల తఖ్దీర్‌నే మారుస్తుంది. కానీ రాబోయే వంతెన పేరు చెప్పి, ఇవాళ్టి పంటును పట్టించుకోకపోవడం జుల్మ్. ఎలాగూ వంతెన వస్తుంది కదా, రేవు మీద డబ్బెందుకు పెట్టాలి అన్న ఆలోచనలో ఒక తరం గడిచిపోయింది.

ఆ ఆలోచన ఖరీదు మనకు తెలియనిది కాదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర ఒక నాటు పడవ, కట్టడం పూర్తికాని వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. బడి నుంచి ఇంటికి పోతున్న పిల్లలు కొట్టుకుపోయారు. వంతెన పూర్తయి ఉంటే వాళ్లు పడవ ఎక్కేవారే కాదు. పూర్తయ్యేదాకా ఆ పడవను ఒక పద్ధతిలో నడిపినా బతికేవారేమో. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా చనిపోయారు. అప్పుడు బోట్ల భద్రత మీద దేశమంతా మాట్లాడింది. ఆ మాటలన్నీ విహారానికి వచ్చేవాళ్ల చుట్టూ తిరిగాయి. కూలికి, కాలేజీకి, కాన్పుకు రోజూ నది దాటేవాళ్ల జిక్ర్ తక్కువే.

వంతెన వస్తే పడవకు పనేముంటుంది అంటారు. ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ మీద మొదటి వంతెన 1973లో తెరిచారు. తర్వాత ఇంకో రెండు వచ్చాయి. అయినా అక్కడ జనం రోజూ ఫెర్రీ ఎక్కి ఈ ఖండం నుంచి ఆ ఖండానికి పనికి పోతూనే ఉన్నారు. బస్సుకు వాడే కార్డే ఫెర్రీకీ పనికొస్తుంది. అంత దూరం ఎందుకు, కేరళ 1968లోనే జల రవాణాకు ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టుకుంది. కొచ్చిలో 2023 నుంచి వాటర్ మెట్రో నడుస్తోంది. వాళ్లకు పడవ అంటే నీళ్ల మీద బస్సు. మనకు పడవ అంటే వేలంపాట.

ఈ పాట సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర చాలా రేవుల్లో దాటించే హక్కును పాటలో ఇస్తారు. ఎవరు ఎక్కువ పాడితే రేవు వాళ్లది. పాట పెరిగేకొద్దీ ఆ సొమ్ము రాబట్టుకోవాలన్న తొందరా పెరుగుతుంది, ఇంకో పదిమందిని, ఇంకో నాలుగు బళ్లను ఎక్కించాలనిపిస్తుంది. పాడినవాడు షైతాన్ అయి కాదు, పద్ధతే అలాంటిది. దాన్ని తిప్పి పెట్టవచ్చు. ఎక్కువ డబ్బు ఇచ్చేవాడికి కాకుండా, తక్కువ టికెట్టుకు, ఎక్కువ భద్రతతో నడుపుతానన్నవాడికి రేవు ఇవ్వాలి. రేవు మీద వచ్చిన రాబడిలో ముందు రేవుకు హిస్సా పోవాలి. దీపాలు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ముసలివాళ్లు జారిపడకుండా దిగే మెట్లు. ఎంతమంది ఎక్కాలో పంటు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. లైఫ్ జాకెట్ మూలన కట్టగా కాదు, ఒంటి మీద ఉండాలి. రాత్రిపూట రోగిని దాటించడానికి ఒక బోటు సిద్ధంగా ఉండాలి. వరదకు పంటు ఆపిన రోజే, ఆ గంటకే, రేవు నుంచి చించినాడ మీదుగా బస్సు కదలాలి. వీటిలో వేల కోట్లు అడిగేది ఒక్కటీ లేదు.

ఖాలూ బర్సీకి అమ్మీని తీసుకుని మళ్లీ ఆ రేవుకే వెళ్లాను. నది నిదానంగా ఉంది. అంతర్వేది తీర్థానికి పోయే ఒక కుటుంబం మా పక్కనే నిలబడింది. వాళ్ల ముసలామెకు అమ్మీ చెయ్యి అందించింది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పంటు ఎక్కారు. కదిలాక అమ్మీ నీళ్లకేసి చూస్తూ అడిగింది.

“పుల్ కబ్ బనేగా బేటా?”

“ఇన్షా అల్లా, జల్దీ,” అన్నాను.

“తబ్ తక్?” అంది.

అప్పటిదాకా ఏంటి అని అమ్మీ నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సినవాళ్లను మనమే అడగాలి, వంతెన గురించి అడిగినంత గట్టిగా పంటు గురించి కూడా.