మన కళాశాలకు ఒక చిన్న బిడారు

ప్రతి సంవత్సరం చలికాలం రాగానే మన వంటి కళాశాలలలో విజ్ఞాన యాత్ర ప్రస్తావన వస్తుంది. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తారు. పేరు వ్రాసేవారు వ్రాస్తారు. ఆ కాగితాన్ని మొదటినుండి చివరివరకు చదివి, పేరు వ్రాయకుండానే తరగతికి వెళ్ళిపోయేవారు కూడా ఉంటారు. ఈ రెండవ వర్గం విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. వారికి ఆసక్తి లేదనుకోవటం పొరపాటు. ప్రయాణపు ఖర్చును వారు ఏదో విధంగా సమకూర్చుకోగలరు. లాడ్జి గది అద్దె, పూటపూటకూ హోటలు భోజనం, ఈ రెండే యాత్రను వారికి అందకుండా చేస్తున్నవి.

ఈ రెండు ఖర్చులనూ తగ్గించే మార్గం ఒకటి ఉన్నదని మా అభిప్రాయం. ఒక పాత మినీ వ్యానును సంపాదించి, అందులో పడకకు, వంటకు, నీటికి, దీపానికి సాదా ఏర్పాట్లు అమర్చుకొని, అయిదుగురేసి చొప్పున విడతలవారీగా బయలుదేరటమే ఆ మార్గం. ఇది సంపన్నుల వినోదమనీ, పరదేశపు మోజు అనీ కొందరు భావించవచ్చును. అందుచేత ముందుగా ఆ అనుమానం తీర్చుకొనుట మంచిది.

ఇంగ్లీషువారి 'వ్యాను' అన్న మాట 'క్యారవాన్'కు కుదించిన రూపం. ఆ క్యారవాన్ పారసీక భాషలోని 'కార్వాన్' నుండి వచ్చినది. ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ఆ మాట సుపరిచితమే. తెలుగులో దానినే బిడారు అంటాము. మన నగరంలోనే కార్వాన్ అను పేట ఉన్నది. గోలకొండ వైభవంగా ఉన్న రోజులలో వర్తకుల బిడార్లు విడిది చేసినందున ఆ చోటుకు ఆ పేరు నిలిచినది. నాంపల్లి స్టేషను దిగిన బాటసారుల కొరకు 1919లో ఏడవ నిజాం కాలాన కట్టిన సరాయి సంగతి మన పెద్దలకు తెలుసు. ఇక తెలుగు వాఙ్మయంలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, డేరాలు, వంట సామగ్రి వెంటబెట్టుకొని, సుమారు నూరుమంది పరివారంతో కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఆ మార్గంలో వారు మన హైదరాబాదును కూడా చూచారు. దారి పొడుగునా వ్రాసిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయినవి. కావున నివాసాన్ని వెంట తీసుకొనిపోవటం మనకు కొత్త విద్య కాదు. ఎడ్లకూ పల్లకీకీ బదులు ఇంజను వచ్చినదంతే.

అయితే ఎటువంటి వ్యాను కావాలన్నది ముఖ్య ప్రశ్న. నేడు క్యారవాన్ అనగానే చల్లని గాలి యంత్రం, స్నానాల గది, మెత్తని సోఫాలు గల పెద్ద వాహనమే మనస్సులో మెదులుతుంది. 2021లో కేరళ ప్రభుత్వం క్యారవాన్ పర్యాటక విధానం ప్రకటించిన తరువాత ఆ తరహా వాహనాల పేరు మన దేశంలో మరింత ప్రచారానికి వచ్చినది. అవి మనకు పనికిరావు. మనకు ఆదర్శం కావలసినది అంతకంటె చాలా పాతది, చాలా చిన్నది. 1950లో జర్మనీలో ఫోక్స్‌వాగన్ వ్యాను తయారీ మొదలయినది. మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా అను సంస్థ దాని కొరకు ఒక 'క్యాంపింగ్ బాక్సు'ను రూపొందించినది. పనిరోజులలో ఆ వ్యాను సరుకులు మోసేది. సెలవు రాగానే కొయ్య సామాను లోపల అమర్చితే అదే నిద్రించే గది అయ్యేది. సెలవు తీరగానే ఆ సామాను బయటికి వచ్చేది. యుద్ధంలో చితికిపోయిన దేశంలో, ఒకే బండితో రెండు అవసరాలు తీర్చుకొనక తప్పని సామాన్యుల కొరకు పుట్టిన ఆలోచన అది. బండిని మార్చకుండా బండిలో అమర్చుకోవటం అన్న ఆ సూత్రమే మనకు శరణ్యం.

ఈ సూత్రాన్ని పట్టుకొనుటకు పొదుపు ఒక్కటే కారణం కాదు. చట్టం కూడా అదే చెబుతున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చే స్వేచ్ఛ యజమానికి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టపరచినది. అదే సంవత్సరం చట్టానికి వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు మాసాల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. పూర్తి స్థాయి మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అను ప్రత్యేక ప్రమాణమే ఉన్నది. కావున పైకప్పు కోయించి కిటికీ పెట్టుట, సీట్లను శాశ్వతంగా ఊడదీయుట, వెనుక భాగం పొడిగించుట వంటి పనులు విద్యార్థుల ఉత్సాహానికి వదలివేయదగినవి కావు. ఎప్పటికప్పుడు ఎక్కించి దించే కొయ్యపెట్టె, చాప, నీళ్ళ డబ్బా సామాను క్రిందికి వస్తవి. అయినను పని ప్రారంభించుటకు ముందు రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థలోను అడిగి, వారి సమాధానాన్ని వ్రాతపూర్వకంగా దగ్గర ఉంచుకొనుట వివేకం.

వాహనం విషయానికి వస్తే, మన ప్రాంతంలో తేలికగా దొరికేవి రెండు. 1984లో మారుతి వ్యాను పేరుతో వచ్చి, తరువాత ఓమ్ని అని పిలువబడిన 796 సి.సి. బండి ఒకటి. దాని తయారీ 2019లో నిలిచిపోయినది గాని పాత బండ్లు ఇంకా తిరుగుతున్నవి. రెండవది 2010లో వచ్చిన ఈకో. దీని పొడవు 3,675 మిల్లీమీటర్లు, వెడల్పు 1,475 మిల్లీమీటర్లు. లోపలి వెడల్పు నాలుగడుగులకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లుతుంది. ఆ తరువాత పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. కనుక బండి ధర అడుగుటకు ముందు దాని పుట్టిన సంవత్సరం అడగాలి.

అమరిక ఎట్లా ఉండాలి? వెనుక సామాను పెట్టే చోట పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో చేసిన రెండు పెట్టెలు చాలును. ఒకదానిలో వంట సామగ్రి, రెండవదానిలో పక్కబట్టలు. వాటి మీద కీలులతో మడిచి పెట్టే పలకలు. ప్రయాణంలో పలకలు ముడుచుకొని ఉంటవి, అయిదుగురూ సీట్లలో బెల్టులు పెట్టుకొని కూర్చుంటారు. రాత్రి బండి ఆగిన పిమ్మట పలకలను ముందుకు పరిస్తే ఆరడుగుల పడక ఏర్పడుతుంది. కొన్ని బండ్లలో వెనుక సీటు వీపు మడుచుకొంటుంది, కొన్నింటిలో మడుచుకొనదు. కాబట్టి ముందు కొలతలు, తరువాతనే కోతలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల అటువంటి ప్లైవుడ్డు షీటు ఒక్కటే సుమారు ఇరవై కిలోలు తూగుతుంది. ఇరవై లీటర్ల నీరు మరొక ఇరవై కిలోలు. మొత్తం సామాను ఒక మనిషి బరువుకు మించకుండా చూచుకోవాలి. బరువైనవి అడుగున ఉండాలి, పెట్టెలను పట్టీలతో బిగించి కట్టాలి. బ్రేకు వేసినప్పుడు కట్టని పెట్టె ముందున్నవారి తల మీదికి వస్తుంది.

ఈ సామాను కొరకు మనం దూరం పోనవసరం లేదు. నాంపల్లిలో ఫర్నిచరు దుకాణాలు, వాటి వెనుక వడ్రంగులు ఉన్నారు. ఆబిడ్సు ప్రక్కనే ట్రూప్ బజారులో తీగలు, స్విచ్చులు, దీపాలు దొరుకుతవి. కోఠీ గుజరాతీ గల్లీలో చిన్న ఫ్యాన్లు, బ్యాటరీలు, ఫ్యూజులు అమ్ముతారు. పక్కకు ఓరుగల్లు జంపఖానాను మించినది లేదు. తడిసినా ఆరుతుంది, మడిచితే చోటు పట్టదు. ఆదివారం ఆబిడ్సు కాలిబాట మీద పాత పుస్తకాలతో పాటు పాత రోడ్డు పటాలు కూడా కనబడుతవి, వెదికే ఓపిక ఉండాలి.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇందులో మంచి పాఠం ఉన్నది. అయిదు వాట్ల దీపాలు రెండు నాలుగు గంటలు వెలిగితే 40 వాట్-గంటలు. పన్నెండు వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 96. మూడు ఫోనులకు 45 అనుకొంటే మొత్తం 181. పన్నెండు వోల్టుల, 42 ఆంపియర్-గంటల బ్యాటరీలో 504 వాట్-గంటలు ఉంటవి. సీసపు బ్యాటరీని సగానికి మించి దించరాదు కనుక మనకు దక్కేది 252. ఒక రాత్రికి సరిపోయి ఇంకా మిగులుతుంది. మర్నాడు విడిదిలో కరెంటుకు తగిలించి నింపుకోవచ్చును. బండి స్వంత వైర్లను ముట్టుకోనవసరమే లేదు. బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు పెట్టుట మాత్రం మరువరాదు.

ఇక ప్రాణాలకు సంబంధించిన మాట. వంట బండి బయటనే చేయాలి. వంట గ్యాసు గాలికంటె బరువైనది. లీకయితే పైకి పోక బండి నేల మీదనే నిలిచి, ఒక్క నిప్పురవ్వ కొరకు వేచి ఉంటుంది. ఇంటి సిలిండరు తీసుకొనిపోవుట నిషిద్ధం. అయిదు కిలోల చిన్న సిలిండరు విడిగా దొరుకుతుంది. ఇంజను నడుపుతూ నిద్రించుట, లోపల కుంపటి పెట్టుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవానికి అది వచ్చినట్లే తెలియదు. కిటికీలు కొంచెం తెరచి దోమతెర కట్టుకోవాలి. ఎండాకాలం ఈ ప్రయత్నమే వద్దు. నుమాయిష్ జరిగే జనవరి, ఫిబ్రవరి నెలలే దీనికి తగిన ఋతువు.

నిర్వాహక సంఘమువారికి కలుగగల సందేహాలను మేము ఊహించగలము. బండిలో ఇద్దరే పడుకొనగలరు, మిగిలిన ముగ్గురి సంగతి ఏమిటి? ఒక డేరా చాలును. విద్యార్థినుల సంగతి ఏమిటి? ఇది అన్నిటికంటె న్యాయమైన ప్రశ్న. రోడ్డు ప్రక్కన గాని, ఊరి బయట గాని బండి రాత్రి ఆగరాదని మేమే కోరుతున్నాము. వెళ్ళే ఊరిలోని కళాశాలకు గాని, ఉన్నత పాఠశాలకు గాని ముందుగా ఉత్తరం వ్రాసి, వారి ఆవరణలో ఆగుటకు అనుమతి పొందాలి. అచ్చట ప్రహరీ ఉంటుంది, నీరు ఉంటుంది, మరుగుదొడ్డి ఉంటుంది, కాపలాదారు ఉంటాడు. విద్యార్థినుల విడతకు అధ్యాపకురాలు తోడు వెళ్ళాలి. ఆ ఉత్తరానికి సమాధానం చేతికి రాకుండా బండి కదలరాదు. ఈ నియమం ఉంటే ఇంటి పెద్దలు కూడా అనుమతించుటకు అవకాశం ఎక్కువ. లాడ్జి అన్న మాటకు భయపడే తల్లి, కళాశాల ఆవరణ అన్న మాటకు భయపడదు. ఇక డ్రైవరుకు రాత్రి ప్రయాణం ఉండరాదు. విద్యార్థుల నుండి కిరాయి వసూలు చేయరాదు. సొంత బండిని కిరాయికి నడుపుట చట్టవిరుద్ధం.

ఒక పెద్ద బస్సులో ఏబదిమంది వెళ్ళి వచ్చే యాత్రకు, అయిదుగురు వెళ్ళే యాత్రకు గుణంలోనే భేదం ఉన్నది. బస్సు దిగి గంటలో చూచి తిరిగి ఎక్కేవారికి కట్టడం కనబడుతుంది. అక్కడే రాత్రి ఉండి, ఉదయం మళ్ళీ వెళ్ళి చూచేవారికి దాని మీది శాసనం, రాయి, శిల్పి పనితనం కూడా కనబడుతవి. మన నగరానికి సుమారు నూటనలుబది కిలోమీటర్లలో బీదరు ఉన్నది. అక్కడ 1472లో మహమూద్ గవాన్ నెలకొల్పిన మదరసా నేటికీ నిలిచి ఉన్నది. మరొకవైపు, రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి ఉన్నది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినది. ఉర్దూ విద్యార్థులు రామప్పకు, తెలుగు విద్యార్థులు బీదరుకు వెళ్ళి, తాము చూచినదానిని రెండు భాషలలోను వ్రాసి ఈ సంచికకే ఇచ్చినచో, ఒకే కప్పు క్రింద చదువుతూ కూడా పరస్పరం తెలియని రెండు తరగతుల మధ్య మాట కలుస్తుంది. ఇది మేము ఆశించే అసలు ఫలం.

కావున నిర్వాహక సంఘమువారికి మా విన్నపం ఇది. ఒక సంవత్సరం పరీక్షార్థం ఒక్క బండికి అనుమతి ఇవ్వండి. పెట్టెలు చేసే పని విద్యార్థులకే అప్పగించి, ఒక వడ్రంగిని గురువుగా నియమించండి. లెక్కల పుస్తకం అందరూ చూచునట్లు గ్రంథాలయంలో ఉంచండి. మొదటి విడతలలో, ఇంతవరకు ఏ యాత్రకూ పేరు వ్రాయలేకపోయిన విద్యార్థులకే ప్రాధాన్యం ఇవ్వండి. సంవత్సరాంతాన ఈ ప్రయత్నం నిష్ఫలమని తేలితే పెట్టెలను దించివేయవచ్చును. బండి బండిగానే ఉంటుంది, కళాశాల పనులకు ఉపయోగపడుతుంది. నష్టపోయేది నాలుగు ప్లైవుడ్డు పలకలు మాత్రమే.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. అనుమతి వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. కొలబద్ద, కాగితం, పెన్సిలు తీసుకొని నమూనా గీయండి. బరువులు, ఖర్చులు లెక్క కట్టండి. ఆవరణ కొరకు ఏ ఊరి కళాశాలకు ఉత్తరం వ్రాయవలెనో నిర్ణయించండి. ఆ కాగితాలు చేతబట్టుకొని వెళ్ళిననాడు పెద్దలు మన మాటను తప్పక ఆలకిస్తారని మా విశ్వాసం.